ముందు షెడ్డు, తర్వాత బండి

శనివారం రాత్రి పదకొండుకి మా బావ ఒక ఫోటో పంపాడు. బావది సోంపేట పక్క ఊరు, ఓడలో ఫిట్టరు. ఉద్దానంలో ఇంటికొకడు ఓడ మీదో గల్ఫులోనో ఉంటాడు కాబట్టి అందులో వింతేమీ లేదు. వింతంతా ఫోటోలో ఉంది. ఇటలీలో జెనోవా రేవు దగ్గర ఏదో సందులో ఒక షాపు అద్దం, అద్దం వెనక ఆకుపచ్చ రంగు మోటో గుజ్జి వి7 మోటారు సైకిలు. ట్యాంకు కింద నుంచి రెండు సిలిండర్లూ చెరో పక్కకి పొడుచుకొచ్చి, నెత్తి మీద గంప పట్టుకున్న మనిషి మోచేతుల్లా ఉన్నాయి. కింద ఒకటే లైను: "సెకండ్ హ్యాండ్. 2016ది. తెచ్చీమంటావేటి?"

మేము గుజ్జి అంటాం గానీ ఇటలీవాళ్ళు గూట్సీ అంటారట. నాకు మాత్రం గుజ్జే బాగుంటుంది. మామిడిపండు గుర్తొస్తుంది. మామిడిపండుకీ ఈ బండ్లకీ నిజంగానే ఒక సంబంధం ఉంది, అది తర్వాత చెప్తాను.

మర్నాడు ఆదివారం. మా బ్యాచ్ ఐదుగురం విజయనగరం నుంచి సాలూరు దారి పట్టాం. గజపతినగరం దాటి రామభద్రపురం చేరేసరికి ఏడయింది. అక్కడ కూరగాయల లారీల సందులో టీ తాగడం మాకు అలవాటు. ఫోటో చూపించాను. చూపించకుండా ఉండాల్సింది.

"తెచ్చీమను గురూ! ఖర్చేటైనా అందరం కలిపి చూసుకుందాం" అన్నాడు కాంట్రాక్టరు. అతనిది డుకాటీ స్క్రాంబ్లర్. మెడికల్ షాపాయనకి బెనెల్లి ఉంది. ఆయన మాట్లాడకుండా ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూస్తూ ఉండిపోయాడు. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే కుర్రాడు, అప్రీలియా ఆర్ఎస్ 457 వాడు, అప్పటికే ఫోన్‌లో ఓడ ఛార్జీలు వెతుకుతున్నాడు. ఐదో ఆయన బుల్లెట్ మీద టీ కోసమే వస్తాడు. ఆయనకి అభిప్రాయం లేదు.

నేను ఒక్కడినే వద్దన్నాను. ఆ గొడవ సుంకి ఘాట్ ఎక్కి దిగేవరకూ తెగలేదు. టీ కొట్టు దగ్గర ఎవరూ నన్ను పూర్తిగా మాట్లాడనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడైతే మధ్యలో అడ్డుకునేవాడు లేడు.

కాగితాల సంగతి ముందు తేల్చేస్తాను. వాడిన బండిని విదేశం నుంచి తేవాలంటే అది తయారై మూడేళ్ళు దాటకూడదు. ముంబై రేవులోనే దిగాలి. విశాఖ రేవు మనకి పక్కనే ఉన్నా పనికిరాదు. సుంకం కొత్త బండి కంటే ఎక్కువ. బావ చూసిన బండి 2016ది అంటే కథ అక్కడితో ఆఖరు. ఇంక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. కానీ మావాళ్ళు అంత తేలిగ్గా వదిలేవాళ్ళు కారు. "అయితే కొత్తదే తెప్పిద్దాం, సుంకం తగ్గించారు కదా" అన్నాడు కుర్రాడు.

తగ్గించిన మాట నిజమే. 2025 బడ్జెట్‌లో 1600 సీసీ లోపు బండ్లు పూర్తిగా తయారై వస్తే కట్టాల్సిన సుంకాన్ని 50 శాతం నుంచి 40కి దించారు. ఆ రోజు మేమందరం స్వీట్లు తిన్నంత పని చేశాం. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతమైంది. అంతకు ముందు మా సైజు బండ్లకి సెస్సుతో కలిపి 31 ఉండేది. నేను బ్యాంకు ఉద్యోగిని. జేబులో ఉన్న వాడని డిపాజిట్ స్లిప్పు వెనక లెక్క వేసి చూపించాను. రేవుకి చేరేసరికి పది లక్షలు పడే బండి అనుకుందాం. పాత లెక్కలో సుంకం ఐదు లక్షలు, పదిహేను మీద 31 శాతం, వెరసి 19 లక్షల 65 వేలు. కొత్త లెక్కలో సుంకం నాలుగు లక్షలు, పద్నాలుగు మీద 40 శాతం, వెరసి 19 లక్షల 60 వేలు. మిగిలింది ఐదు వేలు. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకోవడం అంటే ఇదే. దీని మీద లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు, బండి మన నిబంధనలకి సరిపోతుందని టెస్టింగ్ ఏజెన్సీ ఇచ్చే కాగితం వేరే. ఆర్టీవో ఆఫీసులో ఆ కాగితం చూసి "ఇదేటండి?" అని అడిగినప్పుడు చెప్పుకునే ఓపిక ఇంకా వేరే.

ఇక మామిడిపళ్ళ సంగతి. 2007 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం 800 సీసీ, అంతకు పైబడిన బండ్లని, యూరప్ ఉద్గార ప్రమాణాలకి సరిపోతే చాలని, ఇక్కడి పరీక్షలు పట్టుబట్టకుండా రానిచ్చింది. అడిగింది అమెరికా, వాళ్ళ హార్లీ డేవిడ్సన్ల కోసం. బదులుగా మన మామిడిపళ్ళు 18 ఏళ్ళ తర్వాత అమెరికాలో అడుగుపెట్టాయి. అమెరికావాడి కోసం తెరిచిన తలుపులోంచి మరుసటి ఏడాది డుకాటీ కూడా వచ్చేసింది. మన సువర్ణరేఖ ఒక్క పెట్టైనా ఆ విమానం ఎక్కిందో లేదో గానీ, విజయనగరం చుట్టుపక్కల మామిడి తోట ఉన్న ప్రతి రైతుకీ ఏ డుకాటీ మీదైనా ఒక రౌండు కొట్టే హక్కు ఉందని నా అభిప్రాయం.

కాగితాలు పక్కన పెట్టండి. నా అసలు గొడవ డబ్బుతో కాదు. అది ఉన్నవాళ్ళకి ఉంది, లేనివాళ్ళకి మా బ్యాంకు ఉంది. నేను అడిగేది ఒకటే: ఆ ఆకుపచ్చ గుజ్జి పోర్టికోలో నిలబెట్టాక, మొదటిసారి మొరాయించిన రోజున దాన్ని ఎవడు విప్పుతాడు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. నా దగ్గర డుకాటీ మాన్‌స్టర్ 795 ఉంది. 2019లో హైదరాబాదులో సెకండ్ హ్యాండ్ కొన్నాను. 803 సీసీ, గాలికి చల్లబడే ఇంజను, ఎర్ర రంగు. కొన్న కొత్తలో గంటస్తంభం దగ్గర ఆపితే పదిమంది మూగేవాళ్ళు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎంతిస్తాదండి లీటరుకి?" నిజం చెప్తే జాలిగా చూసేవాళ్ళు. మే నెలలో రైల్వే గేటు పడితే వెనక సిలిండరు వేడికి తొడలు కాలేవి. అదీ భరించాను. ఇష్టపడి చేసుకున్న పెళ్ళి కదా.

ఆ బండి ఇటలీదని నేను గర్వపడుతున్న రోజుల్లో ఒకసారి ఛాసిస్ నంబరు తుడిచి చూశాను. ఇటలీలో తయారైన డుకాటీల నంబరు 'జెడ్'తో మొదలవుతుంది. నాది 'ఎంఎల్'. అంటే థాయ్‌లాండ్. 2011లో డుకాటీ అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది, మా 795 అక్కడే పుట్టింది. రెండు రోజులు మనసు బాగోలేదు. మూడో రోజు మళ్ళీ స్టార్ట్ చేశాక మామూలైపోయింది.

మావాళ్ళ బండ్లు మాత్రం? బెనెల్లి పెజారోలో పుట్టిన కంపెనీయే, 2005 నుంచి చైనావాళ్ళ చేతిలో ఉంది. కుర్రాడి అప్రీలియాకి రూపం ఇచ్చింది వెనిస్ దగ్గర నోవాలే ఊళ్ళో, కట్టింది మహారాష్ట్రలో బారామతిలో. మన ఊరి రోడ్ల మీద తిరిగే 'ఆపే' ఆటోలు కూడా ఆ బారామతివే. ఆపే అంటే ఇటలీ భాషలో తేనెటీగ. వెస్పా అంటే కందిరీగ. చదువుకున్నవాళ్ళు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ఏప్ అంటారు. మన ఆటోవాళ్ళు ఆపే అనే అంటారు, ఇటలీలో పలికేదీ అలాగే. అందుకే ఎవరైనా "మన ఊళ్ళో ఇటాలియన్ బండి మీదొక్కటే కదా" అంటే నాకు నవ్వొస్తుంది. గజపతినగరం సంతకి పొద్దున్నే వెళ్ళి చూడండి, ఎన్ని తేనెటీగలు వంకాయలు మోస్తూ కనబడతాయో.

మా నాన్నకి ఆల్విన్ పుష్పక్ స్కూటర్ ఉండేది. హైదరాబాద్ ఆల్విన్ పేరు, పురాణాల్లోంచి తీసిన పేరు, లోపల ఉన్నది లాంబ్రెటా ఇంజను. దాని కథ నాకు చాలా ఇష్టం. మిలాన్‌లో ఇన్నొచెంటి కంపెనీ 1971లో లాంబ్రెటా తయారీ ఆపేసింది. మన ప్రభుత్వం ఏం చేసిందంటే, స్కూటర్లు కొనలేదు, ఫ్యాక్టరీనే కొనేసింది. మిషన్లు, అచ్చులు, డ్రాయింగులు ఓడల్లో వేసి తెచ్చి లక్నోలో పెట్టింది. 1972లో స్కూటర్స్ ఇండియా పుట్టింది, 1975 నుంచి విజయ్ సూపర్లు బయటికొచ్చాయి. తొంభైల చివరి వరకూ నడిచింది. ఆ తర్వాత ఏమైందో చూడండి: ఇంగ్లండులో లాంబ్రెటా పిచ్చివాళ్ళు మన దేశం నుంచి ఆ స్కూటర్లనీ వాటి స్పేర్లనీ దిగుమతి చేసుకోవడం మొదలుపెట్టారు. ఇటలీ బండి కావాల్సినవాడు లక్నో వైపు చూశాడు.

నాన్న స్కూటరు కంపెనీ సర్వీసు మొహం ఎప్పుడూ చూడలేదు. మూడు లాంతర్ల దగ్గర సందులో ఒక మేస్త్రి ఉండేవాడు, ఇప్పటికీ ఉన్నాడు. అప్పుడు కుర్ర మేస్త్రి, ఇప్పుడు ముసలి మేస్త్రి. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య గ్యాపు పెట్టడానికి అతని దగ్గర సందు కొలిచే గేజి ఉండేది కాదు. పెళ్ళి శుభలేఖ చింపి, ఆ అట్ట ముక్క సరిగ్గా దూరేలా పెట్టేవాడు. "ఏ శుభలేఖ పడితే ఆ శుభలేఖ పనికిరాదు బాబూ, మధ్యరకం పెళ్ళివాళ్ళదే పర్ఫెక్టు" అనేవాడు. ఉన్నవాళ్ళ శుభలేఖ మందం, లేనివాళ్ళది పలచన. నాన్న స్కూటరు పద్దెనిమిదేళ్ళు ఆ సందు దాటి బయటికెళ్ళకుండానే బతికింది.

నా మాన్‌స్టర్ అలా కాదు. మొదటి రెండేళ్ళు దాన్ని ఏ అవసరమొచ్చినా హైదరాబాదు పంపేవాడిని. ఆరువందల కిలోమీటర్ల పైమాటే. సర్వీసు కంటే లారీ బాడుగ ఎక్కువయ్యేది. ఆ రోజుల్లో నాకు తెలియకుండానే నేను బండికి యజమానిని కాకుండా కాపలాదారుణ్ణి అయిపోయాను. చిన్న చప్పుడు మారితే టెన్షన్. దూరం వెళ్ళాలంటే టెన్షన్. ఇంట్లో "అంత డబ్బు పోసి దాన్ని తుడవడానికే కొన్నారా?" అని అడిగితే జవాబు లేదు.

ఆ తర్వాత ఒక అక్టోబరులో సుంకి ఘాట్ దిగి సాలూరు వచ్చాక, క్లచ్ లీవరు నొక్కితే చేతికి ఏమీ తగల్లేదు. దూదిని నొక్కినట్టు వెళ్ళిపోయింది. ఎడమపక్క ఇంజను కింద బ్రేక్ ఆయిల్ కారుతోంది. డుకాటీలో క్లచ్‌ని ఆయిల్ ఒత్తిడితో నొక్కే చిన్న సిలిండరు గొలుసు పళ్ళ చక్రం పక్కనే ఉంటుంది. రోడ్డు మీది బురద, గొలుసు గ్రీజు అన్నీ దాని మీదే పడతాయి. లోపల ఒక రబ్బరు సీలు ఉంటుంది, ఉంగరం అంత. అది తెగింది.

సాలూరు లారీల ఊరు. అక్కడ ఇంజను దించి ఎక్కించడం టీ తాగినంత పని. ఒక లారీ షెడ్డులో కుర్రాళ్ళు ముగ్గురు వచ్చి చుట్టూ కూచుని చూసి, "సీలుంటే పావుగంట పని సార్, సీలేదీ?" అన్నారు. సీలు లేదు. చివరికి ఒక ఆపే ట్రాలీ మాట్లాడుకుని, వెనక తలుపు దించి, సగం చక్రం బయటికి వేలాడుతూ, డుకాటీని తాళ్ళతో కట్టి విజయనగరం తెచ్చాను. దారంతా జనం నవ్వారు. తేనెటీగ మాత్రం ఎక్కడా ఆగలేదు.

అసలు సీలు కోసం విదేశంలో ఒక స్పేర్ల షాపుకి ఆర్డరు పెట్టాను. బిల్లు పదకొండు యూరోలు. అది కస్టమ్స్‌లో ఆగింది. ఆధార్ పంపమన్నారు, పాన్ పంపమన్నారు, ఈ వస్తువు దేనికి వాడతారో రాసి పంపమన్నారు. కొరియరు ఛార్జీ, సుంకం, వాళ్ళ 'హ్యాండ్లింగు' కలిపి సీలు ధరకి ఐదు రెట్లయింది. ఆర్డరు పెట్టిన దగ్గర్నుంచి చేతికొచ్చేసరికి 71 రోజులు. నేను లెక్కపెట్టాను, వేరే పనేముంది.

ఆ 71 రోజుల్లోనే బండిని మూడు లాంతర్ల సందుకి తోసుకెళ్ళాను. మొదట సిగ్గేసింది. మేస్త్రి షెడ్డులో ఆ రోజు రెండు యాక్టివాలు, ఒక చేతక్, ఒక పాల వ్యాను ఉన్నాయి. మేస్త్రి చేతులు కిరసనాయిల్లో కడుక్కుని, తుడుచుకుని, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముట్టుకోలేదు. తర్వాత మూడు బోల్టులు విప్పి ఆ సిలిండరు చేతిలోకి తీసుకుని, సీలుని గోటితో లేపి, "ఇంతేనా బాబూ?" అన్నాడు.

విశాఖలో సీళ్ళ షాపునుంచి అదే కొలత రబ్బరు తెప్పించాడు. నలభై రూపాయలు. బిగించాడు, గాలి తీశాడు, క్లచ్ పనిచేసింది. నేను షెడ్డులోనే అందరికీ కూల్‌డ్రింకులు ఇప్పించాను. వారం తిరక్కుండా మళ్ళీ లీవరు పోయింది. విప్పి చూస్తే సీలు నానబెట్టిన శనగలా ఉబ్బిపోయి ఉంది. మేస్త్రి తల కొట్టుకున్నాడు. "నాదే తప్పు. ఇది గ్రీజుకీ ఇంజనాయిలుకీ ఆగే రబ్బరు. బ్రేక్ ఆయిలుకి వేరే జాతి గావాల. తెలిసుండీ తొందరపడ్డాను." చూడ్డానికి రెండూ నల్లగా, గుండ్రంగా, అచ్చం ఒకేలా ఉంటాయి. మామూలు నైట్రిల్ రబ్బరు బ్రేక్ ఆయిల్లో ఉబ్బుతుంది, ఈపీడీఎం రబ్బరు ఆగుతుంది. ఇది బండ్లు ఇష్టపడే ప్రతివాడూ రాసిపెట్టుకోవాల్సిన మాట. రెండోసారి బ్రేకుల స్పేర్లమ్మే షాపునుంచి తెచ్చాడు. అది అసలుది వచ్చేవరకూ నిలబడింది. బ్రేకులకైతే నేను ఇలాంటి ప్రయోగానికి ఒప్పుకునేవాడిని కాదు. క్లచ్ పోతే బండి ఆగుతుంది, బ్రేకు పోతే ఆగదు.

అసలుది వచ్చిన రోజు మేస్త్రి రెండు సీళ్ళనీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. అసలుది బిగించి, రెండోదాన్ని కడిగి, అగ్గిపెట్టెలో వేసి అల్మరాలో దాచాడు.

ఆ తర్వాత ధైర్యం చేసి వాల్వుల పని కూడా అతనికే అప్పగించాను. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే డుకాటీ అందం, డుకాటీ జబ్బు రెండూ ఇక్కడే ఉన్నాయి. మామూలు ఇంజనులో వాల్వుని, అంటే సిలిండరులోకి గాలి రానిచ్చి పొగ వదిలే మూతని, కామ్ అనే గుడ్డు ఆకారపు చక్రం తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. ఇంజను మరీ వేగంగా తిరిగితే ఆ కాలం స్ప్రింగులు అందుకోలేకపోయేవి. వాల్వు సగం తెరుచుకునే ఉంటే కింద నుంచి పిస్టన్ వచ్చి గుద్దుకునేది. 1956లో ఫాబియో టాలియోని అనే ఇంజనీరు డుకాటీ రేసు బండిలో మూయడానికి కూడా ఒక కామ్, మీట లాంటి ఒక రాకర్ పెట్టాడు. దీన్నే డెస్మో అంటారు. మేస్త్రికి మాన్యువల్లో బొమ్మ చూపించి ఇది చెప్పాను. బొమ్మని తిప్పి తిప్పి చూసి, "అంటే తలుపుకి స్ప్రింగు బదులు ఇద్దరు మనుసుల్ని పెట్టినాడు. ఒకడు తోస్తాడు, ఒకడు లాగుతాడు" అన్నాడు. నేను ఇంగ్లీషులో పది వీడియోలు చూసి ఇంత బాగా చెప్పలేకపోయాను. కాసేపాగి, "స్ప్రింగే నేకపోతే ఇరిగేదేటుంటాది? మొనగాడే" అని కూడా అన్నాడు.

మొనగాడే. కాకపోతే ఆ ఇద్దరు మనుషుల మధ్య సందు మిల్లీమీటరులో వందోవంతు లెక్కన చూసుకుంటూ ఉండాలి. నా ఇంజనులో నాలుగు వాల్వులు, ఒక్కొక్కదానికి తెరిచేవైపు ఒకటి, మూసేవైపు ఒకటి, మొత్తం ఎనిమిది షిమ్ములు, అంటే ఆ సందు సరిచేసే చిన్న లోహపు ముక్కలు. సందు తేడా వస్తే షిమ్ము మార్చాలి. శుభలేఖ ముక్క ఇక్కడ చాలదు. ఇవాళ స్ప్రింగులు బాగుపడ్డాయి కాబట్టి ఇంత అవస్థ అక్కర్లేదని డుకాటీకే తెలుసు. తన మల్టీస్ట్రాడా వి4లో డెస్మో తీసేసి స్ప్రింగులే పెట్టుకుంది. ఆ ఇంజను వాల్వులు 60,000 కిలోమీటర్లకి చూస్తే చాలు. నా దానికి 12,000కే చూడాలి. భక్తులు దీన్ని అపచారం అంటారు. నేనైతే, కంపెనీ మొదటిసారి మెకానిక్ వైపు నుంచి ఆలోచించింది అంటాను.

మా మెడికల్ షాపాయన ఎప్పుడూ ఏమీ అనడు గానీ ఆ ఆదివారం ఘాట్ మీద చెట్టు కింద ఆగినప్పుడు ఒక మాటన్నాడు. తన బెనెల్లి ఎలా పుట్టిందో చెప్పాడు. 1911లో పెజారోలో తెరెసా బెనెల్లి అనే వితంతువు, ఆరుగురు కొడుకుల తల్లి, ఉన్న ఆస్తి పెట్టి పిల్లలకి ఒక షెడ్డు పెట్టించింది. రిపేర్ల షెడ్డు. ఊళ్ళోవాళ్ళ బండ్లు బాగుచేయడం, దొరకని స్పేర్లు తామే చేసుకోవడం. పదేళ్ళు ఆ పని చేశాక గానీ 1921లో సొంత మోటారు సైకిలు రాలేదు. "ఆవిడ బండి కొనివ్వలేదు, షెడ్డు కొనిచ్చింది" అన్నాడు. నేను పొద్దుట్నుంచి గొంతు చించుకుంటున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పేసి, బాటిలు తీసి నీళ్ళు తాగాడు.

కుర్రాడు మాత్రం లొంగలేదు. "బాబాయ్, మీరు చెప్పింది తిరగేసి చూడండి. మీ మాన్‌స్టర్ రాకపోతే మీ మేస్త్రికి డెస్మో ఎక్కడ తెలిసేది? ఎవడో ఒకడు ముందు తెచ్చి దెబ్బ తింటేనే కదా షెడ్డు నేర్చుకునేది? మీలా అందరూ ఆలోచిస్తే మన జిల్లాకి హీరో హోండా తర్వాత ఏదీ వచ్చేది కాదు."

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇప్పటికీ సగమే ఉంది. నిజమే, మేస్త్రి నేర్చుకున్నది నా బండి మీదే. నేను మొదట హైదరాబాదు పంపినన్నాళ్ళూ అతను నేర్చుకోలేదు, సిగ్గు విడిచి సందులోకి తోసుకెళ్ళాకే నేర్చుకున్నాడు. అంటే తప్పు బండి తెచ్చినవాడిదే కాదు, తెచ్చి దాచుకున్నవాడిది కూడా. అది ఒప్పుకుంటాను. కానీ నా బండి లాంటివి దేశంలో ఇంకా ఉన్నాయి. మాన్యువల్ దొరికింది, బెల్టులు దొరికాయి, హైదరాబాదులో ఒకాయన వాడిన షిమ్ములు పోస్టులో పంపాడు. జెనోవా నుంచి ఒంటరిగా దిగే ఆ ఆకుపచ్చ గుజ్జికి ఇక్కడ చుట్టమెవరు? నిజానికి గుజ్జి మన షెడ్డుకి డుకాటీ కంటే వంద రెట్లు అనువైన బండి. సిలిండర్లు రెండూ బయటికే ఉంటాయి, ట్యాంకు విప్పకుండా టాపెట్లు, అంటే వాల్వుల సందు, సరిచేయొచ్చు. గొలుసే లేదు, వెనక చక్రాన్ని కడ్డీ లాంటి షాఫ్టు తిప్పుతుంది. నిలబెట్టి యాక్సిలేటరు తిప్పితే కుడిపక్కకి ఒళ్ళు విరుచుకుంటుంది, ఆ ముచ్చట వేరే. మేస్త్రి చేతికి ఇస్తే గంటలో స్నేహం కలిసిపోతుంది. కానీ పక్క ఊళ్ళో ఇంకొకటి లేని బండికి ఒక అద్దం పగిలినా, ఒక కేబులు తెగినా మళ్ళీ ఆ 71 రోజులే. పది బండ్లు ఉన్నచోట పదకొండోది తేవడం వేరు, ఒక్కటీ లేనిచోట పోర్టికోలో విగ్రహం ప్రతిష్ఠించడం వేరు.

"అయితే పది తెద్దాం" అన్నాడు కాంట్రాక్టరు. అతనితో వాదించలేం.

ఆ రాత్రి బావకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. మూడేళ్ళ నిబంధన వినగానే నీరుగారిపోయాడు. "మరి ఖాళీ చేతుల్తో రావడమేటి? ఓడ ఇంకా మూడు రోజులు ఇక్కడే. ఏటి గావాల సెప్పు" అన్నాడు. బ్యాగులో పట్టేది అడగాలి. మర్నాడు సాయంత్రం బ్యాంకు నుంచి తిన్నగా షెడ్డుకి వెళ్ళి, వీడియో కాల్ కలిపి ఫోన్ మేస్త్రికిచ్చాను. బావ అక్కడ ఏదో మోటారు సైకిల్ స్పేర్ల షాపులో నిలబడి ఉన్నాడు. కౌంటరు మీద చిన్న చిన్న డబ్బాలు, డబ్బా నిండా షిమ్ములు, ఒక్కో డబ్బా మీద ఒక్కో అంకె.

మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని, అల్మరాలోంచి నోటుపుస్తకం తీశాడు. అందులో నా బండి నాలుగు వాల్వుల కొలతలూ పెన్సిలుతో ఉన్నాయి, తెరిచేవైపు పైన, మూసేవైపు కింద. నేను ఎప్పుడూ చూడలేదు, ఎప్పుడు రాసుకున్నాడో తెలీదు. ఒక్కొక్క అంకే చదువుతుంటే అటునుంచి బావ తిరిగి చెప్తున్నాడు, అతని పక్కన షాపాయన మెడ చాచి ఫోన్‌లోకి చూస్తున్నాడు.

"ఒక్కో సైజుకి ఎన్ని తీసుకోమంటారండి?" అన్నాడు బావ.

మేస్త్రి నావైపు చూడలేదు. వాకిట్లో కాంట్రాక్టరు స్క్రాంబ్లర్ నిలబెట్టి ఉంది, ఆ మధ్యాహ్నమే ఎవరో వదిలి వెళ్ళినట్టున్నారు. దాని వైపు ఓసారి చూసి, "రెండేసి తియ్యండి బాబూ" అన్నాడు. "ఆయన్ని పలచటి గేజి కూడా ఒకటి అడగండి, ఉంటాదేమో. నాది అంచు అరిగిపోనాది."